ముంగిసకి దాచిన ఫ్రేము

"ముందా కెమెరా ఇటివ్వండి!"

తలెత్తి చూశాను. కంచెకి అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. తలంటుకున్న జుట్టుకి తువ్వాలు చుట్టుకుంది. ఒక చేతిలో తడిబట్టల బకెట్టు, రెండో చెయ్యి నా మొహం ముందు చాచి ఉంది. మనిషి మంచి కోపంలో ఉంది.

"ఎందుకండీ?" అన్నాను.

"ఎందుకో తెలీదూ పాపం! పావుగంట నుంచి చూస్తున్నాను. కంచె పక్కన నక్కి కూర్చుని, తల దించుకుని, ఏమీ ఎరగనట్టు టక్కుమని కొట్టడం! ఆడపిల్లలు జుట్టారబెట్టుకుంటుంటే ఫోటోలు తీస్తారా?"

"అయ్యయ్యో! నేను తీసింది మిమ్మల్ని కాదండీ, ముంగిసని."

"ఎవర్నీ?"

"ముంగిసని. అదిగో, మీ పెరట్లో ఆ రాళ్లకుప్పలో ఉంటుంది. సాయంత్రం అయిదింటికి బయటికొస్తుంది."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. రాళ్లకుప్ప ఉంది. దాని మీద ఒక కాకి ఉంది. ముంగిస మాత్రం నన్ను అబద్ధాలకోరుని చెయ్యాలని కంకణం కట్టుకుని తోక కూడా చూపించలేదు.

"ఇదేనా మీ ముంగిస?" అంది కాకిని చూపించి.

మా కెమెరా రెండు కళ్లది. మెడలో వేలాడేసుకుని, పైమూత తెరిచి, తల దించి లోపలికి చూడాలి. చూసేవాళ్లకి మనం మన పొట్టని చూసుకుంటున్నట్టు ఉంటుంది. దొంగచాటుగా ఫోటో తీయడానికే పుట్టిన కెమెరా అని ఆమె అనుకోవడంలో తప్పులేదు.

"మీరే చూడండి. దీంట్లో రాళ్లు తప్ప ఇంకేమన్నా కనిపిస్తాయేమో!" అని కెమెరా మెడలోంచి తీసి కంచె మీదుగా అందించాను. జన్మలో నేను చేసిన తెలివితక్కువ పనులు చాలానే ఉన్నాయి గానీ, ఇది వాటిల్లో ముందు వరసలో కూర్చుంటుంది.

"మా మేనమామ దగ్గర ఇట్లాంటిదే ఉంది," అంటూ ఆమె కెమెరాని తిరగేసి, అడుగున ఉన్న మీట తిప్పి, వెనక తలుపు తెరిచి, ఫిల్ము కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. రీలంతా బయటికొచ్చి సాయంకాలపు ఎండలో వేలాడింది.

"ఇప్పుడు కడుక్కోండి," అని కెమెరా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆమె తలుపేసుకున్నాక ముంగిస బయటికొచ్చింది. రాళ్ల మీద రెండు కాళ్లపై నిలబడి నన్నూ నా ఖాళీ కెమెరానీ తీరిగ్గా చూసి, మళ్లీ లోపలికి పోయింది.

*

నా పేరు బాలశౌరి. ఇది డెబ్బై నాలుగు నాటి మాట. గుణదలలో కాలువ వైపు చివరి వరసలో మా అమ్మ శౌరమ్మా నేనూ ఉండేవాళ్లం. గవర్నరుపేటలో వెంకటసుబ్బారావు గారి ఫోటో స్టూడియోలో నేను అసిస్టెంటుని.

మా ఓనరుగారికీ నాకూ ఒక ఒప్పందం ఉండేది. రీలుకి పన్నెండు ఫ్రేములు. పది గిరాకీలకి, ఆఖరి రెండూ నాకు. జీతం పెంచండి మహాప్రభో అని అడిగితే ఆయన ఇచ్చిన వరం అది. పదో ఫోటో అవగానే కెమెరా ఇంటికి తెచ్చుకుని, మర్నాటికి నా రెండూ కొట్టుకుని ఇచ్చేయాలి.

ఆ రెండూ నేను ముంగిసకే ఖర్చు పెట్టేవాణ్ణి. మనుషుల్ని తీసి తీసి విసుగొచ్చింది. గడ్డం ఎత్తమంటే ఎత్తుతారు, నవ్వమంటే పళ్లు చూపిస్తారు. ముంగిసకి అట్లా చెప్పడం కుదరదు. అడవులకెళ్లి పులుల్ని తీసేవాళ్లు ఉంటారట. నాకు సెలవు ఆదివారం ఒక్కటే, అడవి పెరడొక్కటే.

ఆ కెమెరాలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. ముంగిస ఇటు పరిగెడితే నేను అటు తిప్పేవాణ్ణి. మూడు నెలల్లో నాకు దొరికినవి నాలుగు తోకలు, ఒక వెనక కాలు, బోలెడన్ని రాళ్లు.

రీలు పాడైందని చెప్పగానే ఓనరుగారు కుర్చీలోంచి లేచారు.

"ఒరేయ్ బాలశౌరీ! ఆ రీల్లో పదిమంది ఉన్నార్రా! ఎట్లా పాడైంది?"

"వెలుతురు పడిందండీ."

"ఎట్లా పడింది?"

"కోపంగా పడిందండీ."

ఆయనకి అర్థం కాలేదు. ఇంకోసారి ఇట్లా జరిగితే ముంగిస దగ్గరే ఉద్యోగం చూసుకోమన్నారు. ఇకనుంచి రెండు ఫ్రేములు కాదు, ఆఖరిది ఒక్కటే నాదన్నారు. పదిమంది ఇళ్లకీ నేనే వెళ్లి, బతిమాలి, మళ్లీ ఫోటోకి పిలుచుకురావాలన్నారు.

సైకిలేసుకుని ఊరంతా తిరిగాను. ఒకాయన ఈలోగా మీసం తీసేశాడు. అప్లికేషనులో మీసం ఉన్నట్టు రాశానని, పెరిగేదాకా ఆగమన్నాడు. తొమ్మిది ఇళ్లయ్యాక పదో చీటీ తీశాను. 'ఫిలోమిన. తండ్రి జక్కయ్య, రిటైర్డు గార్డు. పెళ్లి సంబంధానికి ఫోటో.' కింద అడ్రసు చదివి కళ్లు నులుముకున్నాను. మా పక్కిల్లే! వారం కిందట అద్దెకి దిగిన తండ్రీకూతుళ్లు. ఆమెని ఓనరుగారు తీస్తున్నప్పుడు నేను డార్కు రూములో ఉన్నానన్నమాట.

తలుపు ఆమే తీసింది.

"మళ్లీ వచ్చారా?"

"స్టూడియో నుంచి వచ్చానండీ. మీ పెళ్లి ఫోటో పాడైపోయింది. దయచేసి మళ్లీ రావాలి."

"ఎట్లా పాడైంది?"

"ఎవరో రీలు బయటికి లాగేశారండీ."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆ... కెమెరా..."

"ఆ కెమెరానేనండీ. ఆ రీలేనండీ."

జేబులో ఎప్పుడూ పెట్టుకు తిరిగే తోకల ఫోటోలు సాక్ష్యంగా చూపించాను. ఒక్కొక్కటే చూసింది. నాలుగో తోక దగ్గరికి వచ్చేసరికి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు చూశాక, పదిమంది ఇళ్ల చుట్టూ తిరిగిన నా కాళ్ల నొప్పులు మాయమైపోయాయి. అబద్ధమెందుకు, ఆ రోజే నా పని అయిపోయింది.

*

మీసం ఆయన తప్ప మిగతావాళ్లందరి ఫోటోలూ అయ్యాక ఫిలోమిన వచ్చింది. అప్పుడే కొత్త రీలు ఎక్కించాను. మొదటి ఫ్రేము ఆమెదే. ఓనరుగారు ముందుగదిలో జక్కయ్యగారితో మాట్లాడుతున్నారు.

"ఒక సాయం చెయ్యాలండీ," అంది మెల్లిగా.

"చెప్పండి."

"నా ఫోటో చెడగొట్టాలి."

"ఒకసారి చెడగొట్టారుగా!"

"అది తెలీక. ఇది తెలిసి." ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది. "చల్లపల్లి సంబంధం. ఎరువుల కొట్టు. అబ్బాయి మంచివాడేనట. కానీ పెళ్లయితే నేను స్కూలు మానెయ్యాలని ఉత్తరంలో ముందే రాశారు. నాకు ఉద్యోగం వచ్చి నాలుగు నెలలే అయింది. మూడో తరగతి పిల్లలు ఇప్పుడిప్పుడే ఎక్కాలు అందుకుంటున్నారు."

"నాన్నగారికి చెప్పండి మరి."

"మా అమ్మ పోయినప్పటినుంచీ నా పెళ్లి ఒక్కటే ఆయన దిగులు. సంబంధం వచ్చిందని ఎంత మురిసిపోతున్నారో! ఆ మొహం చూసి చెప్పలేకపోతున్నాను. వాళ్లే వద్దంటే పీడా పోతుంది. మెల్లకన్నులాగా తీయండి, పళ్లెత్తులాగా తీయండి, మీ ఇష్టం."

"వేరే ఏదన్నా అడగండి. మిమ్మల్ని బాగా లేకుండా తీయడం నావల్ల కాదు."

"ముంగిసని బాగానే చెడగొట్టారుగా!"

అని, నా సాయం అక్కర్లేదన్నట్టు తనే కళ్లు మిటకరించి మూతి ఓ పక్కకి తిప్పి కూర్చుంది. నేను బటన్ నొక్కలేదు. నిమిషమైంది. రెండు నిమిషాలైంది.

"తీయరేం?" అంది మూతి అట్లాగే ఉంచి.

"మీ కళ్లు నొప్పి పుట్టేదాకా ఆగుతానండీ. మాకిది అలవాటే."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వి, తేరుకుని, మామూలుగా చూసిన క్షణంలో నొక్కేశాను.

"మోసం!"

"అది నా పనండీ." ఆమె మొహం చిన్నబోవడం చూసి గబగబా అన్నాను, "కానీ ఒక మాట. రీలు నిండేదాకా మేం కడగం. ఇంకా పదకొండు ఫ్రేములున్నాయి."

"ఎప్పటికి నిండుతాయి?"

"మామూలుగా రెండు రోజులు. కానీ ఇది ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. స్టూడియోలో ఈగలు తోలుకుంటున్నాం."

ముందుగదిలోంచి ఓనరుగారి గొంతు వినిపించింది. "అర్జెంటైతే మీ ఒక్క ఫోటో కోసం రీలు కడిగేస్తామండీ."

"వద్దు వద్దు," అన్నారు జక్కయ్యగారు. "నేను గూడ్సు బండి గార్డుని. ముప్ఫయ్యేళ్లలో వ్యాగన్లు నిండకుండా బండి కదల్చమని ఒక్కసారి కూడా అడగలా. నిండనీయండి."

ఫిలోమిన నా వైపు చూసింది. ఆషాఢ మాసానికి మా ఇద్దరంతగా సంతోషించిన క్రైస్తవులు విజయవాడలో ఇంకెవరూ ఉండరు.

*

రోజూ సాయంత్రం అయిదింటికి కంచె దగ్గర అదే ప్రశ్న.

"ఇవాళ ఎన్ని?"

"ఒకటండీ. హనుమాన్ జంక్షన్ నుంచి ఒక లారీ ఓనరు వచ్చాడు."

"వెనక్కి పంపలేకపోయారా?"

"రేపటి వెలుతురు మీ మొహానికి బాగుంటుందండీ అన్నాను. రేపు నాకు లోడుంది, ఇవాళే తియ్యమన్నాడు."

అట్లా ఫ్రేములు కరుగుతుంటే మా మాటలు పెరిగాయి. గిరాకీ లేక ఓనరుగారు నాలుగింటికే స్టూడియో కట్టేసి, నొక్కకుండా గురి మాత్రం చూసుకోమని కెమెరా నా చేతికిచ్చేవారు. ముంగిసని చూడటంలో ఆమె నాకంటే ముందుకెళ్లిపోయింది. ముంగిసకి గుడ్డంటే ప్రాణమని, అది గుడ్డుని వెనక కాళ్ల మధ్యనుంచి రాయికేసి కొడుతుందని కనిపెట్టింది ఆమే. రాళ్లకుప్ప అవతల బట్టలుతికే బండ మీద కూర్చుని, కెమెరాలో కళ్లు పెట్టుకున్న నాకు దారి చెప్పేది.

"కుడికి! కుడికండీ! మీ కుడి కాదు, అన్నం తినే కుడి!"

"కెమెరాలో అది ఎడమండీ!"

"మీ కెమెరాకి మా మూడో తరగతిలో సీటు కూడా రాదు!"

మా అమ్మ మా మాటలు వింటూ మజ్జిగ చిలుకుతూ ఉండేది. ఒకరోజు, "ఏరా, ముంగిస ఎదురైతే మంచి శకునం అంటారు. నీకు రోజూ ఎదురౌతున్నట్టుంది," అంది. నేను విననట్టు సైకిలు తుడుచుకున్నాను.

రాత్రిళ్లు లెక్క వేసుకుంటే నాకు దిగులుగా ఉండేది. ఇంకో అయిదు. ఇంకో మూడు. ఆ తర్వాత ఫోటో చల్లపల్లి వెళుతుంది. ఆ ఫోటో చూసి ఏ బుద్ధిమంతుడూ వద్దనడు. నేను తీశాను కదా, నాకు తెలుసు. నాలాంటి అసిస్టెంటు వెళ్లి గార్డుగారి తలుపు కొట్టి ఏమని అడుగుతాడు? అందుకని నోరు మూసుకుని ముంగిస గురించి మాట్లాడేవాణ్ణి.

శనివారం నాడు మీసం ఆయన వచ్చాడు. మీసం పెరిగింది. పదకొండో ఫ్రేము అయిపోయింది.

ఓనరుగారు కెమెరా నా మెడలో వేశారు. "ఇదిగో, ఆఖరిది నీది. రేపు కొట్టుకో. సోమవారం పొద్దున రీలు కడగాలి. ఆ గార్డుగారి ఫోటో ఎన్నాళ్లు పెట్టుకుంటాం?"

*

ఆదివారం మధ్యాహ్నం వాన మొదలైంది. అయిదింటికి తెరిపిచ్చింది. ఆకుల మీంచి చినుకులు కారుతున్నాయి. మబ్బుల కిందనుంచి పసుపు రంగు వెలుతురొచ్చి పెరడంతా పరుచుకుంది. ఫోటో తీసేవాడికి అట్లాంటి వెలుతురు ఏడాదికి రెండుసార్లు దొరుకుతుంది. నాకు ఆ రోజు ఎందుకు దొరికిందా అని ఏడుపొచ్చింది.

"ఎన్ని మిగిలాయి?" అంది ఫిలోమిన బండ మీద కూర్చుంటూ.

"ఒకటండీ."

"అది మీదేగా?"

"నాదే. కొట్టకుండా ఉంచేస్తాను. ముంగిస రాలేదని చెప్తాను."

"ఎన్నాళ్లు చెప్తారు?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. రాళ్ల సందులోంచి మూతి కనిపించింది. ముంగిస బయటికొచ్చింది. దాని వెనకే ఇంకో చిన్న మూతి. ఇంకోటి. ఇంకోటి! మూడు పిల్లలు, ఒకదాని తోక వెంట ఒకటి వరసగా వచ్చి తడి రాయి మీద నిలబడ్డాయి. అన్నిటికన్నా చిన్నది జారిపడి, లేచి, తల్లి పొట్ట కిందికి దూరింది.

మూడు నెలలు నేను ఎదురుచూసింది దీనికోసమే. కెమెరాలోకి చూశాను. అన్నీ ఉన్నాయి. కుడీ లేదు, ఎడమా లేదు, అన్నీ నిశ్చలంగా నిలబడి ఉన్నాయి. వేలు బటన్ మీద ఉంది. నొక్కితే రీలు నిండుతుంది.

ఫిలోమిన వంగి పిల్లల్నే చూస్తోంది. నేను నొక్కడం లేదని ఆమెకి తెలిసింది. ఎందుకు నొక్కడం లేదో కూడా తెలిసింది. తల పైకెత్తి నా వైపు చూసింది.

"తీయండి," అంది గుసగుసగా. "నా గురించి ఆలోచించకండి. మళ్లీ రావు, తీయండి!"

కెమెరా కాస్త పైకి లేచింది. నేనే ఎత్తాను గానీ ఎత్తుతున్నానని నాకు తెలీలేదు. టక్కుమంది.

ఆ చప్పుడుకి ముంగిస పిల్లల్ని తీసుకుని రాళ్లలోకి దూరిపోయింది.

"వచ్చిందా? నాలుగూ వచ్చాయా?" అంది ఆమె లేచి, చేతులు తట్టుకుంటూ.

"రేపు కడిగాక చూపిస్తానండీ," అని ఇంట్లోకి పారిపోయాను.

*

సోమవారం సాయంత్రం రెండు ఫోటోలతో వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను. జక్కయ్యగారు లోపల పేపరు చదువుకుంటున్నారు. ఫిలోమిన గబగబా బయటికొచ్చింది.

"ముందు ముంగిసని చూపించండి!"

ఇచ్చాను. చూసింది. దాంట్లో ముంగిస లేదు, పిల్లలూ లేవు. వానకి తడిసిన వెలుతురులో ఆమె ఉంది.

"అడక్కుండా తీశాను," అన్నాను. "ఆ రోజు కంచె దగ్గర మీరు నన్ను అనుమానించినప్పుడు నేను దొంగని కాదు. నిన్న మాత్రం అయ్యాను. ఇదిగో నెగెటివ్ కూడా. చింపేస్తే చింపేయండి."

"మరి ముంగిస? మూడు నెలలు..."

"అది పిల్లల్తో సహా ఎదురుగా వచ్చి నిలబడింది. కానీ మీరు తలెత్తారు. నేనేం చెయ్యను? మీరంటే నాకు ఇష్టమండీ. చల్లపల్లికి పంపే ఫోటో ఇదిగో, ఇది రెండోది. బాగా వచ్చింది. క్షమించండి."

ఆమె రెండు ఫోటోలూ మార్చి మార్చి చూసింది. తర్వాత లోపలికి వెళ్లింది. చల్లపల్లికి పంపాల్సిన ఫోటోని ఒక పుస్తకం కింద దాచి, ముంగిస లేని ఫోటో తండ్రి చేతికిచ్చింది.

"నాన్నా, పంపితే ఇదే పంపండి."

అయితే ఇది కూడా చల్లపల్లికేనా అనుకున్నాను. జక్కయ్యగారు కళ్లజోడు సవరించుకుని, ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు.

"ఎక్కడ తీశారే ఇది?"

"మన పెరట్లో. ముంగిస పిల్లల్ని చూస్తుంటే."

"ముంగిసలు ఎక్కడుంటాయి? నేల మీద. నీ చూపు నేల మీద లేదే!" ఆయన ఫోటోని నా మొహం పక్కన పెట్టి చూశారు. "ఏమయ్యా, తీసింది నువ్వా?"

"నేనేనండీ."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఈ చూపు నాకు తెలుసమ్మా. కొండపల్లిలో ఉన్నప్పుడు, నా బండి వచ్చే వేళకి మీ అమ్మ నిన్ను చంకనేసుకుని గేటు దగ్గరికి వచ్చేది. ఆఖరి పెట్టెలో నేను కనపడగానే ఇట్లాగే చూసేది. ఇది తీసుకెళ్లి పరాయివాళ్లకి పోస్టులో పంపమంటావా?"

ఫిలోమిన ఆయన పక్కన కింద కూర్చుని అన్నీ చెప్పింది. ఉద్యోగం మానమన్న సంగతీ, మూతి తిప్పిన సంగతీ, ఆషాఢం సంగతీ. ఆయన వింటూ, ఒక్కో మాటకీ తల ఊపుతూ కూర్చున్నారు.

"ముందే చెప్తే పోయేదిగా పిచ్చిదానా! నేను బండి నడిపినవాణ్ణి కాదు. గార్డుని. వెనక ఉండి, అందరూ క్షేమంగా ఉన్నారో లేదో చూడటమే నా పని." నా వైపు తిరిగారు. "ఏమయ్యా, పెళ్లయితే మా అమ్మాయి స్కూలుకెళ్లడం నీకు సమ్మతమేనా?"

"ఆవిడ వెళ్లకపోతే ఆ మూడో తరగతి పిల్లలు నన్ను బతకనివ్వరండీ."

"అయితే చల్లపల్లి వాళ్లకి నేను రాసుకుంటాలే." ఆయన ఫోటోని జేబులో పెట్టుకున్నారు. నాకు తిరిగి ఇచ్చే ఉద్దేశం ఉన్నట్టు కనపడలేదు. "ఆదివారం చర్చిలో పూజయ్యాక మీ అమ్మగారిని తీసుకుని రా. పెద్దవాళ్లం మాట్లాడుకుంటాం."

సరేనండీ అన్నాను. అక్కడే నిలబడిపోయాను. ఫిలోమిన కళ్లు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"ఇంకా నిలబడతారేం? వెళ్లి అత్తయ్యగారికి చెప్పండి!"

ఆ పిలుపు తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలీలేదు. తెలిసేసరికి మొహం ఎర్రబడి తలుపు వేసేసింది. మళ్లీ వెంటనే తెరిచి, నేను వెళుతున్నానో లేదో చూసింది. నేను వెళ్లలేదు.